వేరుశనగ రకాల మధ్య జన్యు వైవిధ్యాన్ని మాలిక్యులర్ మార్కర్లతో కొలవడం: విత్తనం సేకరణ నుంచి సంకరం దాకా

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎర్రనేలల్లో చెనక్కాయ పంటను చూస్తూ పెరిగినవారికి ఒక్కో రకం ఒక్కో తీరుగా కనిపిస్తుంది. ఒకటి గుత్తిగా నిలబడి కాస్తుంది, మరొకటి నేల మీద పాకుతుంది. ఒకదాని కాయలో రెండు గింజలే ఉంటే, ఇంకొకదానిలో మూడు నాలుగు ఉంటాయి. అవే రకాల డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద నడిపి చూస్తే మాత్రం చాలా మార్కర్ల (రకాల మధ్య తేడా వెతికే డీఎన్ఏ గుర్తుల) దగ్గర బ్యాండ్లన్నీ (డీఎన్ఏ ముక్కల గీతలన్నీ) గీత గీసినట్టు ఒకే వరుసలో నిలబడి, ఈ పని మొదటిసారి చేస్తున్న విద్యార్థిని నిరాశపరుస్తాయి. తప్పు విద్యార్థిది కాదు, పంట పుట్టుకలోనే ఆ ఇరుకు ఉంది.

దక్షిణ అమెరికాలో అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపేయెన్సిస్ అనే రెండు అడవి జాతులు కలిసి, ఆ సంకరంలో క్రోమోజోములు రెట్టింపై, 40 క్రోమోజోముల సాగు వేరుశనగ ఏర్పడింది. పదివేల ఏళ్ల లోపే జరిగిన ఈ సంఘటనకు మూలం ఒకటో రెండో మొక్కలై ఉండాలి. క్రోమోజోముల సంఖ్య మారిపోవడంతో అడవి బంధువులతో సహజంగా కలిసే దారి మూసుకుపోయింది. దానికి తోడు ఇది స్వపరాగ సంపర్కం జరుపుకునే పంట. అందుకే 1990 దశకం తొలినాళ్లలో ఐసోజైములు (ఎంజైముల రూపభేదాలు), ఆర్ఎఫ్ఎల్‌పీ (డీఎన్ఏను ఎంజైముతో కోసి చూసే) మార్కర్లతో చూసినవారికి సాగు రకాల మధ్య తేడా దాదాపు కనిపించలేదు. చిన్న డీఎన్ఏ క్రమం ఎన్నిసార్లు పునరావృతమైందో చూపే ఎస్ఎస్ఆర్ మార్కర్లు వచ్చాకే రకానికీ రకానికీ మధ్య తేడా కొలవదగినంతగా బయటపడింది.

ఈ మార్గదర్శి 24 నుంచి 48 రకాలతో, మామూలు పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు అనేక నకళ్లు తీసే పద్ధతి) ప్రయోగశాలలో పనిచేసే పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులను ఉద్దేశించినది. మొదటే ఒక మాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌కు ఏ అంకెలు ఇచ్చినా అది డెండ్రోగ్రామ్ (రకాల దగ్గరితనాన్ని కొమ్మలుగా చూపే చెట్టు) గీసి చేతిలో పెడుతుంది. తప్పు అంకెలు ఇచ్చారని ఎన్నడూ చెప్పదు. కనుక కష్టమంతా విత్తనం గుర్తింపు మీద, బ్యాండ్లను చదవడం మీద పెట్టాలి. చెట్టు గీయడం ఒక పూట పని.

రకాల ఎంపిక, విత్తనం

ముందుగా ప్రశ్న తేల్చుకోవాలి. సంకరానికి తల్లిదండ్రులను ఎంచుకోవడమా, విడుదలైన రకాల గుర్తింపు ముద్ర తయారు చేయడమా, సేకరణలోని నకళ్లను ఏరివేయడమా అన్నదాన్ని బట్టి నమూనాల జాబితా మారుతుంది. తల్లిదండ్రుల ఎంపికే లక్ష్యమైతే స్పానిష్, వాలెన్షియా, వర్జీనియా గుత్తి, వర్జీనియా పాకుడు తరగతులన్నిటి నుంచీ కొన్ని రకాలు ఉండాలి. తిరుపతి, కదిరి కేంద్రాల రకాలను మాత్రమే తీసుకుంటే చెట్టు పొట్టిగా వస్తుంది, ఎందుకంటే వాటిలో చాలావాటి వంశావళిలో జేఎల్-24 వంటి కొద్దిమంది పెద్దలే మళ్లీ మళ్లీ కనిపిస్తారు. విస్తృతమైన నమూనా కావాలంటే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధి నుంచి తీసుకోవచ్చు; అక్కడ పదిహేను వేలకు పైగా ఉన్న వేరుశనగ నమూనాలకు ప్రతినిధిగా 184 నమూనాల మినీ కోర్‌ను 2002లోనే రూపొందించారు.

వంశావళి నిక్కచ్చిగా తెలిసిన జంటను ఒకటైనా జాబితాలో ఉంచండి. కదిరి-6కు జేఎల్-24 ఒక పేరెంట్. కదిరి-3 అన్నా రోబట్ 33-1 అన్నా ఒకటే. చిత్తూరుకు దగ్గరలోని గుడియాత్తం గుత్తి రకం నుంచి ఏరి, తిండివనంలో 1940లో విడుదల చేసిన టీఎంవీ-2 ఇప్పటికీ పోలికకు పనికివస్తుంది. కదిరి-3, రోబట్ 33-1 అన్న రెండు పేర్లతో రెండు చోట్ల నుంచి విత్తనం తెప్పించి, చివర్లో అవి ఒకే కొమ్మ మీద వాలాయో లేదో చూడటం చవకైన పరీక్ష. వాలకపోతే విత్తనంలోనో, లేబుల్‌లోనో, స్కోరింగ్‌లోనో తేడా ఉందన్నమాట.

విత్తనాన్ని వీలైనంత వరకు బ్రీడర్ విత్తనంగానే (రకాన్ని రూపొందించినవారి దగ్గరి శుద్ధ విత్తనంగానే) తీసుకోవాలి. నేను చేసిన తొలి ప్రయోగంలో ఒక రకానికి బజారులో కొన్న సంచి నుంచి గింజలు తీసుకున్నాను. నాలుగు మొక్కల డీఎన్ఏ కలిపి ఒకే నమూనాగా నడిపితే ఆరు మార్కర్ల దగ్గర రెండేసి బ్యాండ్లు వచ్చాయి. నెల రోజులు పీసీఆర్‌ను అనుమానించి, చివరికి మొక్కలను విడివిడిగా నడిపితే నాలుగింటిలో ఒకటి వేరే రకమని తేలింది. అప్పటి నుంచి ఒక్కో రకానికి పది మొక్కలు పెంచి, తీరు తప్పినవాటిని పీకేసి, ఒకే మొక్క నుంచి డీఎన్ఏ తీసి, అదే మొక్క కాయలను నంబరు వేసి దాచిపెడుతున్నాను. దీనికి ముందు ఐదు మార్కర్లతో మూడు మొక్కలను విడివిడిగా పరీక్షిస్తే కల్తీ అక్కడే బయటపడుతుంది.

మొలకల విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది. స్పానిష్ రకాలకు నిద్రావస్థ దాదాపు ఉండదు కానీ వర్జీనియా రకాలకు ఉంటుంది. కొత్తగా ఒలిచిన గింజలన్నిటినీ ఒకే రోజు నాటితే సగం కుండీలు పచ్చగా, సగం ఖాళీగా కనిపిస్తాయి. వర్జీనియా విత్తనానికి నిద్రావస్థను తొలగించే ఎథ్రెల్ మందు పట్టించి నాటితే అన్నీ ఇంచుమించు ఒకేసారి మొలుస్తాయి. గింజ నుంచే డీఎన్ఏ తీయాలనుకుంటే పైపొరను తప్పకుండా తొలగించాలి, అది తల్లి మొక్క కణజాలం. బీజదళం ముక్కలో నూనె ఎక్కువ కనుక నేనైతే ఆకునే ఎంచుకుంటాను.

డీఎన్ఏ వెలికితీత

పది పదిహేను రోజుల మొక్కల నుంచి ఇంకా విచ్చుకోని, మడతలోనే ఉన్న లేత ఆకులను తెల్లవారగానే కోయాలి. పగలంతా ఆకులో పేరుకున్న పిండి పదార్థం రాత్రికి తగ్గుతుంది కనుక ఉదయపు ఆకు నుంచి వచ్చే డీఎన్ఏ జిగురు లేకుండా ఉంటుంది. కోసిన ఆకును వెంటనే ఐసు మీద పెట్టాలి. తిరుపతి ఎండల్లో పొలం నుంచి ప్రయోగశాలకు చేరేలోపే ఆకు నల్లబడటం చూస్తూనే ఉంటాం.

సీట్యాబ్ అనే డిటర్జెంటుతో డీఎన్ఏ తీసే పద్ధతి సరిపోతుంది. బఫర్‌లో 2 శాతం సీట్యాబ్, 1.4 మోలార్ ఉప్పు, 20 మిల్లీమోలార్ ఈడీటీఏ, పీహెచ్ 8.0 వద్ద 100 మిల్లీమోలార్ ట్రిస్ ఉంటాయి. వాడే ముందు 0.2 శాతం బీటా మెర్కాప్టోఇథనాల్, 1 నుంచి 2 శాతం పీవీపీ కలపాలి. చివరి రెండూ లేకపోతే ఆకులోని పాలీఫినాల్స్ డీఎన్ఏను గోధుమరంగుకు తిప్పుతాయి, ఆ డీఎన్ఏ పీసీఆర్‌లో పలకదు. సుమారు 100 మిల్లీగ్రాముల ఆకును ద్రవ నత్రజని పోసి కల్వంలో మెత్తని పొడిగా నూరి, 65 డిగ్రీల దగ్గర వేడిచేసి ఉంచిన బఫర్‌లో కలిపి, అదే వేడిలో 45 నిమిషాలు ఉంచి, పది నిమిషాలకోసారి మెల్లగా తలకిందులు చేయాలి. ఆపై 24:1 నిష్పత్తిలో క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ మిశ్రమంతో కలిపి సెంట్రిఫ్యూజ్ చేసి, పై పొరను మాత్రమే తీసుకుని, చల్లని ఐసోప్రొపనాల్‌తో డీఎన్ఏ అడుగున పేరుకునేలా చేయాలి. దాన్ని 70 శాతం ఇథనాల్‌తో కడిగి, ఆరబెట్టి, టీఈ బఫర్‌లో కరిగించి, ఆర్ఎన్‌ఏజ్ పట్టించాలి. క్లోరోఫామ్, మెర్కాప్టోఇథనాల్ పనులు ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

డీఎన్ఏ మోతాదును, శుభ్రతను కాంతితో కొలిచే నానోడ్రాప్ యంత్రంలో 260/280 నిష్పత్తి 1.8 దగ్గర, 260/230 నిష్పత్తి 2.0 పైన ఉంటే నిశ్చింత. రెండవది 1.5 కన్నా తక్కువైతే పిండి పదార్థమో ఫినాలో మిగిలి ఉందని అనుకోవాలి. క్లోరోఫామ్ దశను మళ్లీ చేస్తే చాలాసార్లు బాగుపడుతుంది. నానోడ్రాప్ అంకెను మాత్రమే నమ్మకుండా 0.8 శాతం అగరోజ్ జెల్ మీద కూడా చూడాలి, ఎందుకంటే విరిగిపోయిన డీఎన్ఏ, మిగిలిపోయిన ఆర్ఎన్‌ఏ కూడా ఆ యంత్రానికి అంకెలుగానే కనిపిస్తాయి. చివరగా అన్ని నమూనాలనూ మైక్రోలీటరుకు 10 నుంచి 20 నానోగ్రాముల స్థాయికి పలుచన చేయాలి.

ఇక్కడే ఒక పని చేయండి. రెండు రకాల ఆకులను రెండోసారి కోసి, డీఎన్ఏను మళ్లీ తీసి, తెలియని నంబర్లు వేసి మిగతా నమూనాల మధ్యలో కలిపేయండి. స్కోరింగ్ (బ్యాండ్లను చదివి పట్టికలో రాయడం) చేసేవారికి అవి ఏ రకాలో తెలియకూడదు. వీటి అవసరం తర్వాత తెలుస్తుంది.

మార్కర్లు, పీసీఆర్

యాదృచ్ఛిక ప్రైమర్లతో నడిపే ఆర్ఏపీడీ మార్కర్ చవకే కానీ ఈ వారం వచ్చిన బ్యాండు వచ్చే వారం రాదు. థీసిస్ కోసం దాన్ని ఎంచుకోవద్దని నా సలహా. ఎస్ఎన్‌పీ (డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా) చిప్ మీద నడిపే స్తోమత ఉంటే వేరుశనగకు 58 వేల ఎస్ఎన్‌పీల యాక్సియం చిప్ 2017 నుంచే ఉంది. మామూలు ప్రయోగశాలకు ఎస్ఎస్ఆర్ మార్కర్లే ఆచరణయోగ్యం. ప్రచురితమైన మార్కర్లలో ఇప్పటికే సాగు రకాల మధ్య తేడా చూపినవాటిని ఎంచుకోవాలి. 20 జతల క్రోమోజోములలో ప్రతి జత మీదా కనీసం రెండు మార్కర్లు పడేలా చూసుకుంటే 40 అవుతాయి. సాగు వేరుశనగ పూర్తి జన్యుక్రమం 2019లో వెలువడింది కనుక ప్రైమర్ (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) క్రమాన్ని వేరుశనగ జన్యు సమాచార నిధి పీనట్‌బేస్‌లో వెతికి, అది ఎన్ని చోట్ల అతుక్కుంటుందో కొనేముందే చూసుకోవచ్చు. రెండు అడవి జాతుల నుంచి వచ్చిన రెండు ఉపజీనోమ్‌లలో ఒకదానిలో ఒక్కచోటే అతుక్కునే ప్రైమర్ దొరికితే దాన్ని వదలకండి.

పది మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 20 నానోగ్రాముల డీఎన్ఏ, ఒక్కో ప్రైమర్ 0.3 మైక్రోమోలార్, డీఎన్‌టీపీలు 0.2 మిల్లీమోలార్, మెగ్నీషియం క్లోరైడ్ 1.5 నుంచి 2 మిల్లీమోలార్, 0.5 యూనిట్ల టాక్ పాలిమరేజ్ వేస్తే చాలు. 94 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. ఆపై 94 డిగ్రీలలో 30 సెకన్లు, 55 నుంచి 60 డిగ్రీల మధ్య 30 సెకన్లు, 72 డిగ్రీలలో 45 సెకన్లు చొప్పున 35 చక్రాలు. చివరకు 72 డిగ్రీలలో 10 నిమిషాలు. అనవసర బ్యాండ్లు వస్తే టచ్‌డౌన్ పద్ధతిలో 65 నుంచి 55కు దించుతూ నడపాలి. డీఎన్ఏ లేని ఒక గొట్టం ప్రతి ప్లేటులోనూ ఉండాలి.

రెండు అల్లీల్‌ల (ఒకే స్థానంలోని డీఎన్ఏ రూపాల) మధ్య తేడా పది బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) కన్నా తక్కువ ఉండే మార్కర్లకు మూడు శాతం అగరోజ్ చాలదు. ఆరు శాతం పాలీఅక్రిలమైడ్ జెల్, వెండి రంజనం లేదా క్యాపిలరీ యంత్రం కావాలి. వేసవిలో ఇక్కడ గది వేడికి పాలీఅక్రిలమైడ్ గాజు పలకల మధ్య పోయడం పూర్తికాకముందే గడ్డకడుతుంది. వెండి రంజనంలో డెవలపర్ వెచ్చగా ఉంటే జెల్ మొత్తం నిమిషంలో నల్లబడుతుంది. ద్రావణాలన్నిటినీ ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, డెవలపర్‌ను 10 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో వాడితే బ్యాండ్లు శుభ్రంగా లేస్తాయి.

బ్యాండ్లను చదవడం

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వేరుశనగ చతుస్థితికం (నాలుగు క్రోమోజోమ్ సమితులున్నది) కనుక ఒక ప్రైమర్ జంట A ఉపజీనోమ్‌లో (డ్యురానెన్సిస్ వైపుది), B ఉపజీనోమ్‌లో (ఇపేయెన్సిస్ వైపుది) రెండింటిలోనూ అతుక్కోవచ్చు. ఉదాహరణకు ఒక మార్కర్ దగ్గర 24 రకాలన్నిటిలోనూ 195 బేస్‌ల బ్యాండు ఉందనుకుందాం. దానితో పాటు కొన్నిటిలో 180, కొన్నిటిలో 186 బేస్‌ల బ్యాండు ఉందనుకుందాం. దీన్ని ఒకే స్థానంగా భావించి రాసుకుంటే 24 రకాలూ విషమయుగ్మజాలని (ఒకే స్థానంలో రెండు వేర్వేరు అల్లీల్‌లు ఉన్నవని) లెక్క తేలుతుంది. స్వపరాగ సంపర్కం వల్ల తరతరాలుగా శుద్ధమైన రకాలు అన్నీ విషమయుగ్మజాలు కావడం అసంభవం. అసలు విషయం ఏమిటంటే 195 బ్యాండు ఒక ఉపజీనోమ్‌కు చెందినది, దానిలో తేడా లేదు. 180, 186 బ్యాండ్లు రెండో ఉపజీనోమ్‌లోని రెండు అల్లీల్‌లు. వీటిని రెండు వేర్వేరు స్థానాలుగా రాసుకోవాలి. డ్యురానెన్సిస్, ఇపేయెన్సిస్ డీఎన్ఏ దొరికితే ఒక్కొక్క లేన్‌లో నడిపితే ఏ బ్యాండు ఎటువైపుదో సాధారణంగా తేలుతుంది. దొరకకపోతే, విడదీయలేని మార్కర్లకు మాత్రం బ్యాండు ఉంటే 1, లేకుంటే 0 అని రాసుకోవడం మంచిది.

ఒక రకంలో మాత్రమే 180, 186 రెండూ కలిసి కనిపిస్తే అప్పుడు విత్తనం కల్తీ జరిగిందని అనుమానించి, ఆ రకం మొక్కలను విడివిడిగా నడపాలి. ఏమీ రాని లేన్‌ను 0 అని రాయడం పెద్ద పొరపాటు. పీసీఆర్ విఫలమైతే అది సమాచారం లేకపోవడం, దానికి 9 అనో వేరే గుర్తో వేయాలి. రెండుసార్లు నడిపినా రాకపోయి, అదే నమూనా మిగతా మార్కర్లకు బాగా పలికితేనే దాన్ని శూన్య అల్లీల్‌గా (బ్యాండు ఇవ్వని అల్లీల్‌గా) పరిగణించాలి.

ఇద్దరు వ్యక్తులు ఒకరిది ఒకరు చూడకుండా స్కోర్ చేసి, తేడా వచ్చిన చోట జెల్ ఫోటో తెరిచి తేల్చుకోవాలి. ఇంతకుముందు దాచిన నకలు నమూనాలు ఇప్పుడు అక్కరకొస్తాయి. రెండు జంటలను 40 మార్కర్లతో చూస్తే 80 పోలికలు వస్తాయి. వాటిలో రెండు చోట్ల తేడా వస్తే మీ స్కోరింగ్ దోషం 2.5 శాతం. రెండు రకాల మధ్య తేడా కూడా అంతే ఉంటే అవి వేర్వేరు రకాలని ఆ జెల్ ఆధారంగా చెప్పకూడదు. ఇంత సులభంగా లభించే ఈ అంకెను నేను చూసిన థీసిస్‌లలో చాలావాటిలో ఇవ్వరు, ఎందుకో అర్థం కాదు.

లెక్కలు

ఒక మార్కర్ దగ్గర 20 రకాల్లో మూడు అల్లీల్‌లు వరుసగా 12, 5, 3 రకాల్లో ఉన్నాయనుకుందాం. పౌనఃపున్యాలు 0.60, 0.25, 0.15. వాటి వర్గాల మొత్తం 0.36 + 0.0625 + 0.0225 = 0.445. ఒకటి నుంచి తీసేస్తే జన్యు వైవిధ్యం 0.555. మార్కరు ఎంత బాగా తేడా చూపుతుందో చెప్పే సూచిక పీఐసీ; బోట్‌స్టీన్ 1980లో ఇచ్చిన దాని సూత్రంలో దీని నుంచి ప్రతి జంట వర్గాల లబ్ధానికి రెట్టింపును తీసివేయాలి. ఇక్కడ అది 0.064, కనుక పీఐసీ 0.491. మొదటి అంకెనే పీఐసీ అని రాసేవారు ఉన్నారు. శుద్ధ రకాల విషయంలో ఆ వాడుక ఉన్నదే అయినా, ఏ సూత్రం వాడారో తప్పక చెప్పాలి, లేకుంటే ఇతరుల ఫలితాలతో పోల్చలేం. 0.5 పైన ఉన్న మార్కరు బాగా తేడా చూపేదని, 0.25 కన్నా తక్కువైతే అంతగా ఉపయోగపడనిదని అదే పరిశోధన నుంచి వచ్చిన కొలబద్ద.

రకాల మధ్య పోలికకు ఏ గుణకం వాడాలన్నది రుచి మీద ఆధారపడే విషయం కాదు. రెండు రకాల్లో ఉమ్మడిగా ఉన్న బ్యాండ్లు 18, మొదటిదానిలోనే ఉన్నవి 4, రెండోదానిలోనే ఉన్నవి 3, రెండింటిలోనూ లేనివి 25 అనుకోండి. జకార్డ్ గుణకం ప్రకారం పోలిక 18/25, అంటే 0.72, డైస్ ప్రకారం 36/43, అంటే 0.84, సింపుల్ మ్యాచింగ్ ప్రకారం 43/50, అంటే 0.86. చివరిది రెండింటిలోనూ లేకపోవడాన్ని కూడా పోలికగా లెక్కిస్తుంది. ఒక ఎస్ఎస్ఆర్ మార్కర్ దగ్గర ఆరు అల్లీల్‌లు ఉంటే రెండు రకాలకు ఎలాగూ నాలుగైదు ఉండవు. అవి లేనందుకు ఆ రెండింటినీ చుట్టాలనడం సబబు కాదు. ఒకటి సున్నాల పట్టికకు జకార్డ్ గానీ డైస్ గానీ వాడాలి.

సగటు దూరాలతో గుంపులు కట్టే యూపీజీఎంఏ పద్ధతిలో చెట్టు గీశాక కోఫెనెటిక్ సహసంబంధం (చెట్టులోని దూరాలు అసలు దూరాలతో ఎంత సరిపోలాయన్న అంకె) చూడాలి, అది 0.8 కన్నా తక్కువైతే ఆ చెట్టు అసలు దూరాలను సరిగా చూపడం లేదని భావించాలి. వెయ్యి బూట్‌స్ట్రాప్‌లు (మార్కర్లను యాదృచ్ఛికంగా మళ్లీ ఎంచి చెట్టు గీయడం) చేసి, 50 శాతం కూడా రాని కొమ్మల గురించి పేరాలు రాయకుండా ఉండటం మేలు. డార్విన్, జీన్‌అలెక్స్, ఆర్‌లోని పాపర్, అడిజెనెట్ ప్యాకేజీలు ఉచితంగా లభిస్తాయి. చెట్టుతో పాటు పీసీఓఏ చిత్రాన్ని (రకాల మధ్య దూరాలను చుక్కలుగా చూపేది) కూడా చూడండి; స్పానిష్, వాలెన్షియా రకాలు ఒకవైపు, వర్జీనియా రకాలు మరోవైపు ఒరగడం సహజం. అస్సలు ఆ ధోరణే కనిపించకపోతే ముందు ట్యూబుల నంబర్లను సరిచూసుకోవాలి.

రకాలను సమూహాలుగా విడదీసే స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్‌ను అందరూ వాడుతున్నారు కాబట్టి మనమూ వాడాలన్న ఒత్తిడి ఉంటుంది. అది సమూహంలో స్వేచ్ఛా సంపర్కం జరుగుతోందన్న ఊహ మీద నిలబడినది. వేరుశనగకు అది వర్తించదు. 24 రకాల చిన్న సమితికి నేనైతే దాన్ని వదిలేస్తాను. సమూహాలు చూపాల్సిందే అంటే ఆ ఊహ అవసరం లేని డీఏపీసీ పద్ధతి మేలు.

ఫలితం నుంచి సంకరం దాకా

దూరం ఎక్కువున్న జంట అంటే మంచి జంట అని కాదు. తటస్థ మార్కర్లు మొత్తం జీనోమ్ మీద తేడా చెబుతాయి గానీ, కాళహస్తి తెగులును తట్టుకునే గుణమో, ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను ఆపే జన్యువో ఏ రకంలో ఉందో చెప్పవు. జీపీబీడీ-4 మిగతా రకాల నుంచి దూరంగా కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు, దాని వంశంలో అరాకిస్ కార్డెనాసీ అనే అడవి జాతి ముక్కలున్నాయి. దాని తెగుళ్ల నిరోధకత కూడా అక్కడి నుంచే వచ్చింది. నూనె నాణ్యత కోసం ఎఫ్ఏడీ2 జన్యువుల మార్కర్లు, తెగుళ్ల కోసం వాటికి సంబంధించిన మార్కర్లు విడిగా నడిపి, ఆ ఫలితాలను వైవిధ్య పట్టికలో కలపకుండా పక్కన పెట్టుకోవాలి. దిగుబడి, కాయ గుణాల్లో ఒకటి రెండు సీజన్ల పొలం లెక్కలు బాగున్న రకాల్లోంచి, గుణం మార్కర్లలో ఒకదాని లోటును మరొకటి తీర్చేవాటిని ఏరి, వాటిలో జన్యు దూరం ఎక్కువున్న జంటను సంకరానికి తీసుకోవడం నాకు నచ్చిన వరుస.

జంటను ఎంచుకునేటప్పుడే, ఆ ఇద్దరి మధ్య స్పష్టమైన తేడా చూపే మూడు మార్కర్లను పట్టిక నుంచి రాసి పెట్టుకోండి. వేరుశనగలో మధ్యాహ్నం పొద్దు వాలాక మొగ్గలోని కేసరాలు తీసేసి, మరుసటి ఉదయం పదింటిలోపు పుప్పొడి అంటించాలి. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని కాయలు స్వపరాగం వల్లనే వస్తాయి. ఎఫ్1 (సంకరం నుంచి వచ్చిన మొదటి తరం) మొక్కలకు నాలుగైదు ఆకులు రాగానే ఆ మూడు మార్కర్లు నడిపి, తల్లి బ్యాండుతో పాటు తండ్రి బ్యాండు కూడా ఉన్న మొక్కలకు కర్ర పాతి ట్యాగు కట్టి, తండ్రి బ్యాండు లేనివాటిని కుండీ నుంచి పీకేయాలి.